విమర్శ వేఱు, జాతినింద వేఱు



నేడు మేము ముచ్చటింపదలచిన విషయము అమెరికా దేశమునకు సంబంధించినది. అచ్చటి నల్లజాతివారిలో అధికసంఖ్యాకులు డెమోక్రాటిక్ పక్షమునకు వోటు చేయుదురు. కొందఱు రిపబ్లికన్ పక్షమున నున్నారు. ఈ కొందఱిని వర్ణమును బట్టి దూషించినపుడు, జాతివివక్షను ఖండించుటలో ముందుండు పెద్దలు మౌనము వహింతురని యొక ఆరోపణ కలదు. అందలి నిజమెంతయో విచారింతము.

1991లో అధ్యక్షుడు జార్జి బుష్ క్లారెన్స్ థామస్‌ను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రతిపాదించెను. నల్లజాతివారి హక్కులకై పాటుపడిన ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థయే ఆయన భావములను బట్టి దానిని వ్యతిరేకించెను. అనీటా హిల్ చేసిన ఆరోపణపై విచారణ జరిగెను. తుదకు సెనేటు 52–48 వోట్లతో ఆమోదించెను. ఇంతవఱకు తప్పులేదు. భావమును భావముతో ఎదుర్కొనుట ధర్మమే.

కాని ఆయనను ‘అంకుల్ టామ్’ అని పిలుచుట విమర్శ కాదు. ‘తెల్లవారికి దాసుడవు, నీకు సొంతబుద్ధి లేదు’ అనుటయే దాని యర్థము. చిత్రమేమనగా, హారియెట్ బీచర్ స్టో 1852లో ప్రకటించిన నవలలోని టామ్, పారిపోయిన యిద్దఱు బానిసస్త్రీల జాడ తెలుపక, దెబ్బలకోర్చి ప్రాణము విడిచిన ధీరుడు!

2021 ఏప్రిల్ 28న సెనేటరు టిమ్ స్కాట్ అధ్యక్షుడు బైడెన్ ప్రసంగమునకు తన పక్షము తరఫున ప్రత్యుత్తర మిచ్చెను. వెంటనే ‘అంకుల్ టిమ్’ అను నింద ట్విట్టరులో వ్యాపించెను. ఆ కంపెనీ దానిని ప్రచారపట్టికనుండి తొలగింపవలసి వచ్చెను. ఒక్క యేడాదిలో పోలీసులు తన్ను ఏడుమార్లు ఆపిరని 2016లో సెనేటులో చెప్పినవాడు ఈ స్కాటే. వివక్ష యెఱుగనివాడని ఆయన నెవ్వరనగలరు? అదే 2021 సెప్టెంబరులో, కాలిఫోర్నియా గవర్నరు పదవికి పోటీచేయుచున్న లారీ ఎల్డర్‌పై, గొరిల్లా ముసుగు ధరించిన యొక స్త్రీ గ్రుడ్డు విసరెను. ఎదుటి పక్షపు నాయకునికే యిట్లు జరిగిన దేశమెల్ల అట్టుడికెడిది కాదా యని ఆయన పక్షమువారు ప్రశ్నించిరి.

ప్రశ్న న్యాయమైనదే. అయినను రెండవవైపును చూడవలెను. ఖండించినవారు బొత్తిగా లేకపోలేదు. విమర్శకులలో పలువురు నల్లజాతివారే. ఒబామా దంపతులను కోతులతో పోల్చినపుడు, నేడు ఫిర్యాదు చేయువారిలో నెందఱు నోరు విప్పిరి? తమవానికి తగిలినపుడే నొప్పి యెఱుగుట ఉభయపక్షములకును కలిగిన జాడ్యము.

కావున పరీక్ష యొక్కటే. నింద పొందినవాని స్థానమున మనకిష్టుడైనవానిని నిలిపి చూడవలెను. అపుడు సహింపరానిది ఇపుడును సహింపరానిదే. అతని భావములను ఖండించు స్వేచ్ఛ దీనివలన రవంతయు తగ్గదు.

అన్యభాషా ప్రాంతమున బిడ్డలను పెంచుకొనుచున్న మనకు ఈ నీతి దూరమైనది కాదు. మన పిల్లవానిని భాషను బట్టి యెవరైన ఎగతాళి చేసిన మనసు చివుక్కుమనును. మన పిల్లవాడే మఱియొకని పుట్టుకనెత్తి తిట్టినపుడును అట్లే చివుక్కుమనవలెను. ‘వాని మాట తప్పని చెప్పుము, వాని పుట్టుక జోలికి పోకుము’ అని యింట నేర్పినచో, బడిలో మేము చెప్పు పాఠమునకు బలము చేకూరును.