తిరిగి వచ్చే దారి: డేవిడ్ వీలర్ స్మారకోపన్యాసం

ప్రోగ్రాంనూ దత్తాంశాన్నీ ఒకే మెమరీలో ఉంచాలన్న 1945 నాటి ఫాన్ నాయ్‌మన్ నివేదిక సభకు తెలిసినదే. ఖాళీ మెమరీలోకి మొట్టమొదటి ఆదేశం ఎలా చేరుతుందన్నది వేరే ప్రశ్న. 1948లో మాంచెస్టర్ యంత్రానికి టామ్ కిల్‌బర్న్ రాసిన ప్రోగ్రాంను స్విచ్‌లతో చేత్తోనే ఎక్కించారు.

కేంబ్రిడ్జ్‌లో మారిస్ విల్క్స్ నిర్మించిన ఎడ్‌శాక్ 1949 మే 6న తొలి ప్రోగ్రాంను నడిపింది. దాని ప్రారంభ ఆదేశాలు 31. రాసింది పరిశోధక విద్యార్థి డేవిడ్ వీలర్. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే తిరుగుడు స్విచ్‌లలో వాటిని అమర్చారు. మీట నొక్కగానే అవి మెమరీలో 0 నుంచి 30 వరకు స్థానాల్లోకి చేరి, పేపర్ టేపును చదివి, దశాంశ చిరునామాలను ద్విసంఖ్యలుగా మార్చి, కూర్చిన ఆదేశాలను 31వ స్థానం నుంచి వరసగా పెట్టేవి. టేపు మీద అక్షరానికి పడే అయిదు బిట్ల సంకేతమే యంత్రానికి క్రియా సంకేతం కావడంతో అక్షరాన్ని క్రియగా మార్చే పట్టిక అవసరపడలేదు.

ఇంతకన్నా లోతైనది సబ్‌రొటీన్ సమస్య. ఒకే లెక్కను పలుచోట్ల నుంచి పిలిచినప్పుడు, అది ముగిశాక పిలిచిన చోటికే తిరిగి వెళ్లాలి. తిరుగు చిరునామాను దాచే ఆదేశం ఎడ్‌శాక్‌లో లేదు. వీలర్ పద్ధతిలో పిలిచే ఆదేశం ఖాళీ అక్యుమ్యులేటర్‌లోకి తననే తెచ్చుకుంటుంది. అది కూడిక ఆదేశమైన ‘ఎ’. సంకేతం 28, మొదటి బిట్ 1. కనుక అక్యుమ్యులేటర్ రుణమవుతుంది, రుణమైతేనే దూకే ‘జి’ ఆదేశం తప్పక సబ్‌రొటీన్‌లోకి దూకుతుంది. అక్కడ ‘యు 2’ అనే స్థిరాంకాన్ని కలుపుతారు. ‘యు’ సంకేతం 7. మొత్తం 35లో అయిదు బిట్లకు మించిన 32 పోగా మిగిలిన 3, ‘ఇ’ సంకేతం: రుణం కాకపోతే దూకు. చిరునామా కూడా 2 పెరిగి, పిలుపు తర్వాతి స్థానాన్ని చూపుతుంది. ఈ కొత్త ఆదేశాన్ని సబ్‌రొటీన్ తన చివర తానే రాసుకుంటుంది. యంత్రానికి ఆదేశమూ అంకేనని ఇంత సూటిగా చూపే పాఠం మరొకటి లేదు. అట్టడుగు స్థాయిని నేర్చుకునేవారు ఇక్కడే మొదలుపెట్టడం మేలు.

ఆదేశాన్ని అంకెలా మార్చగలగడమే కీలకమన్న ఈ దృష్టికి థామస్ హేగ్, మార్క్ ప్రీస్ట్లీ, క్రిస్పిన్ రోప్‌ల వాదం ఎదురు నిలుస్తుంది. ఆధునిక తరహా ప్రోగ్రాం 1948లో ఎనియాక్ యంత్రం మీదే మొదట నడిచిందని వారి నిర్ణయం. వారి పత్రపరిశోధన బలమైనది. ఎనియాక్ ప్రోగ్రాంలో సబ్‌రొటీన్ ఉన్న మాటా నిజం. అయితే ఆ ఆదేశాలు ఫంక్షన్ టేబుళ్ల స్విచ్‌లపై అమర్చినవి. యంత్రం వాటిని చదవగలదే గాని మార్చలేదు. ఆదేశం మీద లెక్క చేసి మరో ఆదేశాన్ని పుట్టించే అవకాశం అక్కడ లేదు. తొలి స్థానం ఎవరిదన్న తీర్పులో ఈ తేడాను పక్కన పెట్టడం న్యాయం కాదు.

సమయం మించుతున్నందున తర్వాతి దశలు క్లుప్తంగా. 1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్‌ల ప్రోగ్రామింగ్ గ్రంథం వెలువడింది. 1965 నాటి పీడీపీ-8 తిరుగు చిరునామాను సబ్‌రొటీన్ మొదటి స్థానంలో రాసేది. సబ్‌రొటీన్ తననే మళ్లీ పిలిస్తే పాత చిరునామా చెరిగిపోయేది. చిరునామాలను ఒకదానిపై ఒకటి పేర్చి, చివర పెట్టినదాన్ని ముందు తీసే స్టాక్ ఆ చిక్కును తీర్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలో పిలుపు ఆదేశమే చిరునామాను స్టాక్‌లో పెడుతుంది. 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ నిర్మాణం దాన్ని రిజిస్టర్‌లో ఉంచుతుంది. లోపల మరో పిలుపు ఉంటే ఆ రిజిస్టర్‌ను స్టాక్‌లో దాచే పని ప్రోగ్రాంది.