అమలాపురం పార్లమెంటు: మారింది ఓటరా, పొత్తా? దిండి రేవు నుంచి ఒక లెక్క



ఈ ఎపిసోడ్ దిండి నుంచి చేస్తున్నాం. పేరు దగ్గరగా ఉంది కాబట్టి ముందే చెప్పేస్తాను, ఇది నల్గొండ వైపు డిండి ప్రాజెక్టు కాదు. కోనసీమ దిండి, మలికిపురం మండలం. నా వెనకాల మీకు కనిపిస్తున్నది వశిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డు చించినాడ. ఈ వంతెన దాటారంటే పార్లమెంటు నియోజకవర్గమే మారిపోతుంది. అటు నరసాపురం, ఇటు అమలాపురం. మాట్లాడే మాట ఒకటే, తినే పులస ఒకటే, వేసే ఓటు మాత్రం వేరే పెట్టెలోకి.

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటుంది, ఈ రోజు దాని గురించే. 2019లో అమలాపురం ఎంపీ స్థానాన్ని వైఎస్సార్ కాంగ్రెస్ 39,966 ఓట్ల తేడాతో గెలిచింది. 2024లో అదే స్థానాన్ని తెలుగుదేశం 3,42,196 ఓట్ల తేడాతో గెలిచింది. ఐదేళ్లలో లక్షల మంది ఇలా అటు నుంచి ఇటు తిరిగిపోయారా? కోనసీమ ఓటరు అంత నిలకడ లేనివాడా?

నా సమాధానం కాదనే. ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు ఈ నియోజకవర్గం ఎలా ఉంటుందో చూద్దాం. ఇది ఎస్సీ రిజర్వుడు స్థానం. ఇప్పుడున్న హద్దులు 2008 పునర్విభజనతో వచ్చినవి, వాటితో జరిగిన మొదటి ఎన్నిక 2009. ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు: రాజోలు, పి.గన్నవరం, అమలాపురం, ముమ్మిడివరం, కొత్తపేట, రామచంద్రపురం, మండపేట. ఇందులో మొదటి మూడూ ఎస్సీ స్థానాలే. రాజోలు, అమలాపురం అంతకుముందు జనరల్ స్థానాలు, అప్పట్లో అల్లవరం, నగరం ఎస్సీ స్థానాలుగా ఉండేవి. పునర్విభజనలో ఆ రెండు పేర్లూ పోయాయి. మండపేట, రామచంద్రపురం గౌతమికి అవతల ఉంటాయి. అంటే కోనసీమ ఎంపీ అంటున్నాం గానీ, ఆయన లంకలకే కాదు, అవతలి గట్టుకి కూడా ఎంపీయే.

ఇక చరిత్ర. 1962, 1967, 1971 మూడు ఎన్నికల్లోనూ కాంగ్రెస్ తరఫున బయ్యా సూర్యనారాయణ మూర్తి గెలిచారు. 1977లో దేశమంతా కాంగ్రెస్ కూలిపోయింది, ఇందిరాగాంధీయే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. అందులో అమలాపురం ఒకటి. గెలిచింది కుసుమ కృష్ణమూర్తి. 1980లో కూడా ఆయనే. 1984లో గాలి తిరిగింది. దేశమంతా రాజీవ్ ప్రభంజనం ఉంటే, ఇక్కడ తెలుగుదేశం అభ్యర్థి ఐతాబత్తుల జోగేశ్వర వెంకట బుచ్చి మహేశ్వరరావు గెలిచారు. 1989లో మళ్ళీ కృష్ణమూర్తి. 1991లో తెలుగుదేశం నుంచి జి.ఎం.సి. బాలయోగి.

బాలయోగి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఎదుర్లంకలో పుట్టారు, 1951లో. 1996లో ఇదే అమలాపురంలో ఓడిపోయారు. ఎన్టీఆర్ పోయిన ఏడాది అది, తెలుగుదేశం చీలి ఉన్న ఏడాది. కాంగ్రెస్ నుంచి కె.ఎస్.ఆర్. మూర్తి గెలిచారు. బాలయోగి ముమ్మిడివరం ఉప ఎన్నికలో అసెంబ్లీకి వెళ్లి, రాష్ట్రంలో ఉన్నత విద్యా మంత్రి అయ్యారు. 1998లో మళ్ళీ ఎంపీ. ఆ మార్చి 24న లోక్‌సభ స్పీకరు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది చూశారూ, ఆ రోజు సభ నడిపింది మన అమలాపురం ఎంపీయే. ఒక్క ఓటు విలువ ఏమిటో దేశానికి తెలిసిన రోజు అది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గెలిచారు. ఎదుర్లంక నుంచి యానాం వెళ్లే వంతెనకి ఇప్పుడు ఆయన పేరే.

2004లో, 2009లో కాంగ్రెస్ నుంచి జి.వి. హర్షకుమార్. 2014లో తెలుగుదేశం నుంచి పండుల రవీంద్రబాబు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి చింతా అనురాధ. 2024లో తెలుగుదేశం నుంచి గంటి హరీష్ మాధుర్, బాలయోగి గారి అబ్బాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. 1999 నుంచి 2024 దాకా ఆరు సార్వత్రిక ఎన్నికలు. ఆరింట్లోనూ అమలాపురం ఎంపీ ఏ పార్టీయో, రాష్ట్రంలో ప్రభుత్వం ఆ పార్టీదే. గోదావరి జిల్లాలు ఎటు మొగ్గితే అధికారం అటే అని టీ కొట్టు దగ్గర ఊరికే అనరు. అంతకుముందు అలా లేదు. 1991లో రాష్ట్రంలో కాంగ్రెస్ ఉంటే ఇక్కడ తెలుగుదేశం గెలిచింది, 1996లో సరిగ్గా తిరగబడింది. ఆ రెండూ అసెంబ్లీ ఎన్నికలు లేకుండా విడిగా జరిగిన లోక్‌సభ ఎన్నికలు. రెండు ఓట్లూ ఒకే రోజు వేయడం మొదలయ్యాక ఎంపీ ఓటు ఎమ్మెల్యే ఓటు వెనకాలే నడుస్తోంది.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి.

2009. ముగ్గురి పోటీ. కాంగ్రెస్, తెలుగుదేశం, చిరంజీవి గారి ప్రజారాజ్యం. హర్షకుమార్ సుమారు 40 వేల తేడాతో గెలిచారు. రెండో స్థానం ప్రజారాజ్యానిది, తెలుగుదేశం మూడో స్థానానికి పోయింది. ఏడు అసెంబ్లీల్లో కాంగ్రెస్‌కి అయిదు, ప్రజారాజ్యానికి ఒకటి, కొత్తపేట. తెలుగుదేశానికి ఒకటి, మండపేట.

2019. మళ్ళీ ముగ్గురు. వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం, జనసేన. తేడా 39,966. అంటే మళ్ళీ 40 వేలే. ఏడు అసెంబ్లీల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి అయిదు, జనసేనకి ఒకటి, తెలుగుదేశానికి ఒకటి. ఆ తెలుగుదేశం స్థానం మళ్ళీ మండపేటే. జనసేనకి వచ్చిన ఒక్కటీ మన రాజోలు. రాష్ట్రం మొత్తంలో ఆ పార్టీ గెలిచిన ఒకే ఒక్క సీటు ఇది, 814 ఓట్ల తేడాతో. పవన్ కళ్యాణ్ గారే రెండు చోట్ల ఓడిపోయిన ఎన్నిక అది.

పదేళ్ల దూరంలో ఉన్న రెండు ఎన్నికలు కవల పిల్లల్లా ఉన్నాయి కదండీ. పార్టీల పేర్లు మారాయి, కొలతలు అవే.

ఇప్పుడు మిగతా రెండు చూడండి. 2014లో జనసేన పుట్టింది గానీ పోటీ చేయలేదు, తెలుగుదేశం, బీజేపీలకి మద్దతు ఇచ్చింది. రవీంద్రబాబుకి 5,94,547 ఓట్లు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పినిపే విశ్వరూప్‌కి 4,73,971. తేడా 1,20,576. రెండుసార్లు గెలిచిన హర్షకుమార్ జై సమైక్యాంధ్ర పార్టీ నుంచి నిలబడి ఓడిపోయారు. అసెంబ్లీల్లో ఆరు తెలుగుదేశానివి, కొత్తపేట ఒక్కటే అవతలి వాళ్లది. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. ఏడుకి ఏడూ కూటమికే.

అంటే అమలాపురంలో రెండు రకాల ఎన్నికలు జరుగుతున్నాయి. మూడు ముక్కల ఎన్నిక ఒకటి, రెండు ముక్కల ఎన్నిక ఒకటి. మూడు ముక్కలైతే తేడా 40 వేలు. రెండు ముక్కలైతే లక్ష దాటుతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 2019లో అనురాధకి 4,85,313 ఓట్లు. హరీష్‌కి 4,45,347. జనసేన అభ్యర్థి డి.ఎం.ఆర్. శేఖర్‌కి 2,54,848. ఓడిపోయిన ఇద్దరినీ కలపండి: 7,00,195. గెలిచిన వారి కంటే 2 లక్షల పైచిలుకు ఎక్కువ. ఈ మెజారిటీ 2019లోనే ఉంది, రెండు పార్టీల మధ్య విడిపోయి ఉంది అంతే.

2024లో హరీష్‌కి 7,96,981. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి రాపాక వరప్రసాదరావుకి 4,54,785. రాపాక ఎవరో గుర్తుందా? 2019లో రాజోలులో జనసేన తరఫున 814తో గెలిచిన ఆయనే. ఆయన పార్టీ మారారు, ఓటర్లు ఆయన వెంట పోలేదు. సరే, ఆ పార్టీకి ఎన్ని ఓట్లు తగ్గాయి? 30,528. ఊరూరా తుడిచిపెట్టుకుపోయిందన్న పార్టీకి తగ్గినవి 30 వేల ఓట్లు. 4 లక్షల 54 వేల మంది ఉన్నచోటే ఉన్నారు.

ఇక్కడ తొందరపడొద్దు. కూటమి కట్టేస్తే ఓట్లు వాటంతటవే కలిసిపోతాయా అంటే, పోవు. ఓటు ఎవరి ఇంటి పెరట్లో కొబ్బరికాయా కాదు, నాయకుడు దింపించి బండికెత్తడానికి. 2009లో ప్రజారాజ్యానికి వేసినవాళ్లు, 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసినప్పుడు అందరూ వెంట వెళ్లారా? లేదు కదా. 2024లో కూటమికి వచ్చింది 2019 మొత్తం కన్నా 96,786 ఎక్కువ. పొత్తు లెక్క 7 లక్షల దాకా తీసుకొచ్చింది. ఆ పైన వచ్చింది ప్రభుత్వం మీద ఉన్న కోపం, కొత్త ఓటర్ల మొగ్గు.

ఈ మాట కోనసీమలో చెప్పడం కొంచెం కష్టం. ఎందుకంటే ఇక్కడ ఓటు గురించి మాట్లాడితే కులం గురించి మాట్లాడినట్టే. ఫలానా కులం ఓటు ఫలానా పార్టీకి బదిలీ కాదు అని 2024కి ముందు ఎంతమంది చెప్పారో మీకు తెలుసు. దానికి కారణం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న, పార్లమెంటు నియోజకవర్గాలనే కొలతగా తీసుకుని చేసిన కొత్త జిల్లాల్లో కోనసీమ జిల్లా వచ్చింది. అంబేడ్కర్ పేరు పెట్టాలని ఒక వర్గం, వద్దని ఇంకో వర్గం. మే 24న అమలాపురంలో నిరసన అల్లరిగా మారింది. మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు తగలబెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. పక్క పక్క వీధుల్లో ఉన్నవాళ్లు పలకరించుకోవడం మానేశారు. చివరికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అనే పేరే ఖాయమైంది.

ఆ గొడవ జరిగిన రెండేళ్లకే ఎన్నిక. గెలిచిన వైపు దాదాపు 8 లక్షలు, ఓడిన వైపు నాలుగున్నర లక్షలు. ఈ రెండు అంకెల్లో ఏదీ ఒక్క కులంతో వచ్చేది కాదు. రెండు వైపులా ఎస్సీలు ఉన్నారు, కాపులు ఉన్నారు, శెట్టిబలిజలు ఉన్నారు, మత్స్యకారులు ఉన్నారు. మీ వీధిలో మీతో మాట్లాడని మనిషి మీరు నొక్కిన బటనే నొక్కి ఉండొచ్చు. దీంతో అందరం కలిసిపోయామని నేను అనను. కానీ వాళ్లంతా అటు, మనమంతా ఇటు అని చెప్పేవాళ్ల మాట మాత్రం లెక్కలో నిలబడదు.

మరి మెజారిటీ వచ్చినవాళ్లు ఏం చేయాలి? దిండిలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి దిండి సంగతే చెప్తాను. కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గం, 57 కిలోమీటర్లు, 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలు దాటాలి. వశిష్ఠ దాటేది ఇక్కడే. అప్పటి నుంచి బాలయోగి, విజయకుమారి, హర్షకుమార్, రవీంద్రబాబు, అనురాధ, హరీష్, ఆరుగురు ఎంపీలు. 40 వేలతో గెలిచినవాళ్లు ఉన్నారు, 3 లక్షల 42 వేలతో గెలిచినవాళ్లు ఉన్నారు. రైలు మాత్రం ఇంకా దిండికి రాలేదండి. మెజారిటీ పెద్దదైనంత మాత్రాన పని పెద్దది కాదు. అడిగేవాళ్లు ఎంతమంది అన్నదే లెక్క. పొత్తు ఉంటుంది, పోతుంది. అది నాయకుల చేతిలో పని. అడగడం మన చేతిలో పని.

చివరిగా ఒక చిన్న పని చెప్తాను. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి వెబ్‌సైటులో ఫారం 20 అని ఉంటుంది. అందులో పోలింగ్ బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ఉంటుంది. మీ బూత్ తీసుకోండి. 2019 పక్కన 2024 పెట్టండి. ముగ్గురివీ రాయండి, ఇద్దరివి కలపండి. మీ ఊరు నిజంగా మారిందా, లేక పార్టీలు కలిశాయా, పావుగంటలో తేలిపోతుంది. ఏం తేలిందో కింద కామెంట్లలో రాయండి. ఊరి పేరు రాస్తే చాలు, మనుషుల పేర్లు, కులాల పేర్లు వద్దు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. మళ్ళీ కలుద్దాం. సెలవు, ఉంటానండి.