కొత్త రింగులు వేసిన ఇంజనుకు ఏ నూనె పోయవలెను?

బయ్యారం రైతు సోదరులారా!

పెద్దచెరువు క్రింద దమ్ములు మొదలగుటకు ముందే మీలో కొందరు ట్రాక్టరు ఇంజను విప్పించి, కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు వేయింతురు. అంత ఖర్చు పెట్టినాము గదా, నూనె కూడ ఖరీదైనదే పోయుదమని తొలిసారే సింథటిక్ నూనె పోయుట పొరపాటు.

కొత్త లైనరు లోపల సన్నని అడ్డగీతలుండును. రింగులు వాటిపై కొంచెము ఒరసికొని కుదురుకొనవలెను. మిక్కిలి జారుడుగల నూనె ఆ ఒరపిడిని అడ్డగించును. రింగులు కుదరకున్న లైనరు గోడ గాజువలె నున్నబడి, నూనె మండి నీలిపొగ వచ్చును, బలము తగ్గును. మరల ఇంజను విప్పవలసినదే.

కావున కంపెనీ పుస్తకములో చెప్పిన గ్రేడులో, సాధారణ మినరల్ డీజిల్ ఇంజను నూనె పోయవలెను. పుస్తకము వేరుగా చెప్పినచో దానినే అనుసరింపవలెను.

బండిని ఊరక నిలిపి గంటలకొద్దీ ఇంజను నడుపరాదు. వెంటనే దమ్ముకూ దింపరాదు. సగము బరువుతో ట్రాలీ లాగించి, క్రమముగా బరువు పెంచవలెను. రోజూ ఉదయము నూనె మట్టము చూడవలెను.

సుమారు 50 గంటలు నడిచిన పిదప, ఇంజను వేడిగా నుండగనే నూనె దింపి, ఫిల్టరుతో సహా మార్చవలెను. ఇనుప రజను దానితో పోవును. తరువాత మేలిరకము నూనె పోయవచ్చును.

దింపిన నూనె కాలువలో పోయకుడు. అది మన మళ్ళకు పారు నీరు.