పొద్దుటి ముచ్చట

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చౌటుప్పల్‌లో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై నాలుగేళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. గంట కొట్టగానే మాట ఆపడం అలవాటే గనుక మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. కార్యదర్శిగారు నాతో, “కరువు భత్యం గురించి అందరూ మాట్లాడతారు, మీరు వేరే ఏదైనా చెప్పండి సారూ” అన్నారు. అందుకని మనలో చాలామందిమి రోజూ పొద్దున చేసే పని గురించే చెబుతాను. అదే ముచ్చట.

మా ముచ్చట స్థలం మీలో కొందరికి తెలుసు. హైదరాబాదు–విజయవాడ రోడ్డుకు కాస్త లోపలగా ఒక వేపచెట్టు, దాని కింద రెండు రాతి బల్లలు, పక్కనే చాయ్ కొట్టు. ఆరున్నరకు ఒక్కొక్కరే చేరతాం. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: “పేపర్ల ఏమొచ్చింది సారూ?” అక్కణ్నుంచి ఢిల్లీ రాజకీయాలు, పత్తి ధర, కొత్త సినిమా, కొయ్యలగూడెం చీరల రంగులు, అమెరికాలో పిల్లల వీసాలు అన్నీ వస్తాయి. ఇంట్లోవాళ్లు “పనిలేని ముచ్చట్లు” అంటారు. అది పనిలేని పని కాదని నా మనవి.

ఎందుకంటే ఈ జిల్లాలో నలుగురు కూడి మాట్లాడుకోవడం ఒకప్పుడు తేలిక కాదు. నిజాం కాలంలో ‘గస్తీ నిషాన్ తిర్పన్’ అని ఒక ఉత్తర్వు ఉండేది. ముందుగా అనుమతి లేకుండా సభ పెట్టుకోవడానికి వీల్లేదు. అందుకే మన పెద్దలు గ్రంథాలయాలు పెట్టారు. నల్లగొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు ‘నీలగిరి’ పత్రిక నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ’ పత్రిక వచ్చింది. చదువు వచ్చినవాడు పైకి చదివితే రానివాడు వినేవాడు, విన్నవాడు ప్రశ్న అడిగేవాడు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగిందంటే దాని వెనుక ఇలాంటి అరుగుల మీది మాటలు ఎన్ని ఉండి ఉంటాయో ఆలోచించండి. అంత కష్టపడి తెచ్చుకున్న మాటను మనం ఎలా వాడుతున్నామన్నదే నా ప్రశ్న.

మా చెట్టు కింద రెండు అనుభవాలు చెబుతాను. మొదటిది నీళ్లది. ఫ్లోరైడు గురించి మన జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. మా నీళ్ల గోడు దేశానికి వినపడాలని వేసిన నామినేషన్లే వాటిలో ఎక్కువ. ఒకరోజు ఈ సంగతే మాట్లాడుకుంటుండగా నేను పెద్దమనిషి తరహాలో, “ఆ రోజుల్లో నీళ్లు కాచి తాగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు” అన్నాను. ఆరోగ్యశాఖలో నర్సుగా పనిచేసి దిగిన ఒక అమ్మ అక్కడే పాల కోసం నిలబడ్డారు. “కాస్తే క్రిములు పోతయి గని ఫ్లోరైడు పోదు సారూ. నీళ్లు ఇంకి ఉన్న ఫ్లోరైడు ఇంకా చిక్కనైతది. దానికి పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి ఉండె గద” అన్నారు. నా ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చి పుస్తకం తీసి చూస్తే ఆమె చెప్పిందే నిజం. మర్నాడు అందరి ముందు ఆ మాట ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఆమె కూడా బల్ల మీద కూర్చుంటున్నారు. అప్పటిదాకా ఆ బల్ల మీద ఆడవాళ్లకు చోటు లేదన్న సంగతి మాకెవరికీ తట్టనేలేదు!

రెండోది చెప్పడం నాకు కష్టం. అయినా చెబుతాను.

నాకు ఒక మిత్రుడు ఉన్నారు. రెవెన్యూ శాఖలో పనిచేశారు, నాకన్నా రెండేళ్లు పెద్ద. మా ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. పక్క మండలం పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబాభావేగారు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు ఇచ్చారు గదా, ఆయన దాన్ని మనిషి మంచితనం అంటారు. నేను, అంతకు ముందు ఐదేళ్లు రైతులు ప్రాణాలకు తెగించి పోరాడకపోతే ఆ మంచితనం బయటికి వచ్చేదా అంటాను. ఏళ్ల తరబడి వాదించుకున్నాం. చివరికి ఆయన పోరాటాన్ని నాకన్నా బాగా చెప్పడం నేర్చారు, నేను భూదానాన్ని ఆయనకన్నా బాగా చెప్పడం నేర్చాను. అలా సాగిన స్నేహం.

2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నిక వచ్చింది. మన చౌటుప్పల్ ఆ నియోజకవర్గంలోదే. ఆ నెల రోజులు ఊరు ఎలా ఊగిపోయిందో మీకు తెలుసు. ఒక పొద్దున మాటా మాటా పెరిగింది. ఆయన ఒక అభ్యర్థిని మెచ్చుకున్నారు. నేను పదిమందిలో, “నువ్వు కూడా అమ్ముడుపోయినవా?” అన్నాను.

ఆయన తిరిగి ఏమీ అనలేదు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, కండువా దులుపుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. వారం రాలేదు. ఎన్నిక అయిపోయింది, గెలిచినవారు గెలిచారు, జెండాలు తీసేశారు. ఆయన మాత్రం రాలేదు. “అలిగిండు, వస్తడులే” అనుకున్నాం. పోయి పిలవడానికి నాకు అహం అడ్డొచ్చింది.

వేసవిలో మందుల దుకాణం దగ్గర వాళ్ల పెద్దబ్బాయి కనిపించాడు. అప్పుడు తెలిసింది. సంక్రాంతి ముందు ఆయన బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. కొడుకులు హైదరాబాదు తీసుకుపోయారు. ఆ హడావుడిలో జీవన ప్రమాణ పత్రం ఇవ్వలేదు. పెన్షన్ ఆగిపోయింది. బతికున్న మనిషి కాగితం మీద లేకుండా పోయారు! ఏటా ఆ పత్రం తేదీని మా చెట్టు కింద అందరికీ గుర్తు చేసేది ఆయనే. ఆయనకు గుర్తు చేయడానికి మేం ఒక్కరం లేకపోయాం.

ఆ సాయంత్రమే పోయాను. మంచం మీద ఉన్నారు. ఏం అనాలో నాకు తోచలేదు. “అన్నా, ఆ రోజు నేనన్న మాట తప్పు” అన్నాను. ఆయన కాసేపు గోడవైపు చూసి, “పేపర్ల ఏమొచ్చింది సారూ?” అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మరో వారంలో ఇద్దరం కూర్చుని కాగితాలు సర్ది పంపాం, ఆగిన పెన్షన్ వచ్చింది. చేతికర్రతో ఇప్పుడు మళ్లీ చెట్టు కిందికి వస్తున్నారు. భూదానం దగ్గర మళ్లీ పోట్లాడుతున్నాం.

ఆ తర్వాత మాలో మేం కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎదుటివాడు చెప్పింది ముందు మన నోటితో చెప్పి, “అంతేనా?” అని అడిగి, అవునన్నాకే కాదనాలి. మాటను కాదనవచ్చు, మనిషి నీతిని శంకించకూడదు. ఫోన్‌లో వచ్చిన సందేశం ఎవరైనా విచారించి నిజమని తేల్చేదాకా వార్త కాదు. అభిప్రాయం మార్చుకున్నవాణ్ణి ఎగతాళి చేయకూడదు. రెండు రోజులు వరుసగా రానివాడి ఇంటికి మూడో రోజు ఒకరు పోవాలి. మిగతావి మరిచినా ఈ చివరిది మాత్రం మరవకండి.

ఇంకొక్క మాట. ఈ రోజును మనం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982 డిసెంబరు 17న నకారాగారి కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. 1979 మార్చి 31 అనే ఒక తేదీని పట్టుకుని పెన్షనర్లను రెండుగా విడదీయడం తగదంది. ఈ సంగతి ఇంట్లో గొప్పగా చెబుతుంటే డిగ్రీ చదివే నా మనవరాలు, “మరి నాన్నను కూడా ఒక తేదీయే విడదీసింది కద తాతా?” అంది. మా అబ్బాయి 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరాడు. వాడికి నాలాంటి పెన్షన్ లేదు, జీతంలోంచి నెలనెలా కోత పడే పథకమే ఉంది. ఈ రెంటికీ చట్టం దృష్టిలో తేడా ఉందని, ప్రభుత్వం మీది భారం కూడా చూడాలని నేను జవాబు చెప్పబోయాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మా చెట్టు కింద మేం మా కరువు భత్యం లెక్కలు వేసుకున్నాం గాని, పిల్లల వృద్ధాప్యం గురించి ఒక్క పొద్దు మాట్లాడలేదు. మర్నాడు ఆ ప్రశ్నే బల్ల మీద పెట్టాం. ఇంకా తేలలేదు. తేలకపోయినా ఫరవాలేదు, మొదలైంది.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో ఒక చెట్టు, ఒక బల్ల, ఒక పేపరు చూసుకోండి. మీతో ఏకీభవించనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లో ఆడవాళ్లను, పిల్లలను కూడా రమ్మనండి. రేపు పొద్దున బల్ల మీద ఎవరి చోటు ఖాళీగా ఉందో చూడండి.

గంట కొట్టే వేళయింది.