నాన్నగారి మూడు చూపులు

(పితృదినోత్సవం సందర్భంగా మన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



పితృదినోత్సవం గురించి నాలుగు మాటలు చెప్పమనీ, పనిలో పనిగా మందుల లోకంలోని కొత్త సంగతులు కూడా ముచ్చటించమనీ కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ రెండింటికీ పొంతన ఏమిటా అని మొదట అనుకున్నాను. ఇంటికి వెళ్ళి ఆలోచిస్తే, నా మటుకు నాకు అవి రెండూ ఒకటే విషయమని తోచింది. ఎందుకంటే మా నాన్నగారు కాంపౌండరు. నేను ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా చేసి 2007లో పదవీ విరమణ చేసినవాణ్ణి.

ఈ పండుగ మనది కాదు. అమెరికాలో స్పోకేన్ అనే ఊళ్ళో సొనోరా డాడ్ అనే ఆవిడ, తల్లి పోయాక తమను పెంచి పెద్దచేసిన తండ్రి మీది గౌరవంతో 1910లో దీన్ని జరిపించింది. అక్కడి ప్రభుత్వం జూన్ మూడో ఆదివారాన్ని శాశ్వతంగా గుర్తించడానికి 1972 దాకా పట్టింది. మనకు తండ్రిని తలుచుకునే రోజు తద్దినం ఒక్కటే. బతికి ఉన్నవారిని తలుచుకోవడానికి కూడా ఒక రోజు ఉంటే తప్పేమీ లేదని నా అభిప్రాయం.

మా నాన్నగారు లోకల్ ఫండ్ ఆసుపత్రిలో పనిచేసేవారు. 1948 ఫార్మసీ చట్టం వచ్చాక అనుభవాన్ని బట్టి రిజిస్టరులో పేరెక్కించుకున్న పాతతరం మనిషి. ఆ రోజుల్లో అట్టల్లో మాత్రలు ఎక్కడివి? రోగులే ఇంటినుంచి సీసా కడిగి తెచ్చుకునేవారు. ఆముదం వాసన పోని సీసా తెస్తే నాన్నగారు వెనక్కి పంపేసేవారు. కల్వంలో నూరడం, కొలతగ్లాసులో పోయడం, సీసాకు మోతాదు గీతల కాగితం అంటించడం, అంతా చేత్తోనే. పైపూత మందులకు మాత్రం పక్కలు గరుకుగా గీతలు తేలిన సీసాలు వేరే ఉండేవి. చీకట్లో చేత్తో తడిమినా ఇది తాగేది కాదని తెలియాలని ఆ ఏర్పాటు.

ఆయనకో నియమం. బీరువాలోంచి సీసా తీసేటప్పుడు ఒకసారి, మందు పోసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి, చీటీ చదవాలి. పాత కాంపౌండర్లందరికీ నేర్పిన పాఠమే అది. నేర్చుకున్నవారు చాలామంది. నలభై ఏళ్ళు ఒక్కరోజు మానకుండా చేసినవారు ఎంతమందో నేను చెప్పలేను.

నాకప్పుడు పదేళ్ళుంటాయి. ఒక సాయంత్రం గరుకు సీసాలు అయిపోయాయి. మూడు మైళ్ళ అవతలి ఊరినుంచి వచ్చిన ఒక రైతుకు, వాళ్ళమ్మ దగ్గుకు తాగే మిక్చరు, మోకాళ్ళకు రుద్దుకునే తైలం, రెండూ మామూలు సీసాల్లోనే పోసి ఇచ్చారు. రాత్రి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద చేతిలో ఉండగానే లేచిపోయారు. చీటీలు అంటించినట్టు గుర్తుంది గాని, మూడోసారి చదివినట్టు గుర్తు లేదట. “పొద్దున్నే వెళ్ళచ్చుగా” అంది మా అమ్మ. “పడుకోబోయే ముందు తాగమని చెప్పానే” అన్నారు. నన్ను లాంతరు పట్టుకోమన్నారు. పొలం గట్ల వెంట ఆ ఊరు వెళ్ళేసరికి ఇల్లంతా మాటు మణిగింది. తలుపు కొట్టి, రెండు సీసాలూ తెప్పించుకుని, వాసన చూసి, లాంతరు వెలుగులో చీటీలు చదివారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు కాళ్ళు పీకుతున్నాయన్న ఉక్రోషంతో, “సరిగ్గానే ఉన్నాయిగా నాన్నగారూ” అన్నాను. “ఉన్నాయని ఇప్పుడు తెలిసింది” అన్నారాయన.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఏం జరిగిందో మీరంతా పేపర్లలో చదివే ఉంటారు. దగ్గు సిరప్ తాగి ఇరవైమందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌ను పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం నూటికి 48.6 వంతులు తేలింది. ఉండదగిన హద్దు 0.1 వంతు మాత్రమే. అది పరిశ్రమల్లో వాడే ద్రావకం. తియ్యగా ఉంటుంది. అదే దాని మోసం. సిరప్‌ల తయారీలో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివాటిలో కలిసి లోపలికి వస్తుంది. కొత్త విషమైతే తెలియక జరిగిందనుకోవచ్చు. 1937లోనే అమెరికాలో ఇదే పదార్థం కలిసిన మందు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. 1986లో బొంబాయిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో పద్నాలుగుమంది ఈ కల్తీ గ్లిజరిన్ వల్లే పోయారు. 2022లో ఆఫ్రికాలోని గాంబియా పిల్లల గురించి విన్నాం. డబ్బాలోని ముడిసరుకును వాడేముందు పరీక్ష చేయించడం అన్న ఒక్క చూపు ఎవరో ఎక్కడో మానేస్తే చాలు. ఆ వార్త చదివిన రోజు నాకు లాంతరు గుర్తొచ్చింది. రాత్రి భోజనం సహించలేదు.

ఐతే ఇతరులను వేలెత్తి చూపే ముందు నా సంగతి చెప్పాలి. ఇంతవరకు సభాముఖంగా ఎక్కడా చెప్పలేదు.

1996లో నాన్నగారికి ఎనభై ఏళ్ళు. షుగరు ఉంది. కళ్ళకు శుక్లాలు వచ్చి చూపు బాగా మందగించింది. మా ఊళ్ళో డాక్టరుగారు గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగరు బిళ్ళ ఒక కంపెనీ పేరుతో రాశారు. తరవాత మా అక్కయ్యగారింటికి వెళితే అక్కడి డాక్టరుగారు అదే మందు ఇంకో కంపెనీ పేరుతో రాశారు. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల ఉన్నది ఒకటే. నాన్నగారు రెండు అట్టలూ తెచ్చుకున్నారు. నేను ఆసుపత్రికి బయలుదేరుతుంటే పిలిచి, “ఒరే అబ్బాయ్, ఈ రెండూ ఒకటేనేమో చూడరా, నాకు కనబడటం లేదు” అన్నారు. ఆ రోజు స్టోర్సులో ఆడిట్. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూనే, “డాక్టర్లు రాసినవేగా నాన్నగారూ, వేసుకోండి” అన్నాను.

మూడోరోజు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, మాట ముద్ద. మనుషుల్ని పోల్చుకోలేకపోయారు. షుగరు పడిపోయిందని తెలిసి ఆసుపత్రికి తీసుకుపోయి గ్లూకోజు ఎక్కించారు. ఆ బిళ్ళ ప్రభావం వృద్ధుల్లో చాలాసేపు ఉంటుంది కనుక, ఒకసారి తేరుకున్నా మళ్ళీ పడిపోయే ప్రమాదం ఉంది. రెండు రోజులు పక్కన కూర్చున్నాను. రోజుకు కొన్ని వందలమందికి మందులిచ్చే ఫార్మసిస్టును, కన్నతండ్రి అడిగితే అట్ట తిప్పి చూడలేదు.

ఆయన ఇంటికొచ్చాక నన్నేమీ అనలేదు. రెండు అట్టలూ తెమ్మని, మీద ఉన్నది పైకి చదవమన్నారు. చదివాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ చదివాను. మూడోసారి చదివేటప్పుడు నా గొంతు పెగల్లేదు. “ఈ అట్టలన్నీ తడిమితే ఒకేలా ఉన్నాయిరా, మా గరుకు సీసాలే నయం” అని మాత్రం అన్నారు. ఆనాటినుంచి షుగరు అట్టకు ఒక రబ్బరుబ్యాండు, బి.పి. అట్టకు రెండు వేసి పెట్టేవాణ్ణి. 1999లో పోయేదాకా మళ్ళీ పొరపాటు జరగలేదు.

ఆనాటికీ ఇప్పటికీ కొంత మార్పు వచ్చింది. 2018 సెప్టెంబరునుంచి కంపెనీ పెట్టిన పేరుకన్నా మందు అసలు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని నిబంధన తెచ్చారు. కొన్ని మిశ్రమ మందులకు మినహాయింపు ఉంది. 2023 ఆగస్టునుంచి బాగా అమ్ముడుపోయే 300 రకాల మందులపై క్యూ.ఆర్. కోడ్ తప్పనిసరి చేశారు. మనవడి సెల్‌ఫోన్‌తో చూస్తే అసలు పేరు, కంపెనీ, బ్యాచి నంబరు, గడువు తేదీ కనబడతాయి. మనవళ్ళు ఫోను వదలరని మనం విసుక్కుంటాం గాని, ఈ పని చెప్పి చూడండి, సంతోషంగా చేస్తారు.

ధరల మాటకొస్తే, 2025 సెప్టెంబరు 22నుంచి చాలా మందులపై జి.ఎస్.టి. నూటికి 12నుంచి 5కు తగ్గింది. 33 రకాల మందులపై పూర్తిగా ఎత్తివేశారు. అవి ఎక్కువగా క్యాన్సరు, అరుదైన జబ్బుల మందులు. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలు 2025 నాటికి దేశంలో పదిహేను వేలు దాటాయి. అక్కడ మందులు అసలు పేరుతోనే, చాలా చవకగా ఇస్తారు. పింఛను డబ్బుతో బతికేవారికి అది చిన్న విషయం కాదు. కాకపోతే ఒక జాగ్రత్త. జన ఔషధిలో కొన్నది, పాత కంపెనీది, రెండూ ఇంట్లో ఉంటే మా నాన్నగారికి జరిగిందే మీకూ జరగవచ్చు. అలాగని అనుమానం వచ్చిందని మీ అంతట మీరు ఏ మందూ ఆపవద్దు. డాక్టరుగారికి రెండు అట్టలూ చూపించి అడగండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి చేసి ముగిస్తాను. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలనుంచి నేను మన సంఘం గదిలో ఉంటాను. ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవీ కొత్తవీ, డాక్టరు చీటీలతో సహా ఒక సంచిలో వేసుకుని రండి. వీలైతే కొడుకునో కూతురునో కోడలినో వెంటబెట్టుకు రండి. కళ్ళజోడు మరిచిపోయినా ఫరవాలేదు, భూతద్దం నేను తెస్తాను.