నవ్వు చెప్పిన సాక్ష్యం

న్యాయస్థానంలో సాక్షి తాను చూచినదంతా చెప్పవలెను. తనకు అనుకూలమైనంత చెప్పి, తక్కినది మింగరాదు. ఒక చలనచిత్రాన్ని గురించి పదిమంది ఎదుట మాట్లాడే విమర్శకునికి కూడా ఈ నియమం వర్తిస్తుందని నా నమ్మకం. ఒకప్పుడు నేనే ఈ నియమాన్ని తప్పినాను. నేటి ప్రసంగం ఆ తప్పును దిద్దుకొనే ప్రయత్నం.

2018 అక్టోబరులో “వెనమ్” అనే అమెరికా చిత్రం విడుదలైనది. అప్పటికి పన్నెండేళ్ళవాడైన మా అబ్బాయి పట్టుబట్టగా వెళ్ళి చూచినాను. మరునాడు రేడియోలో దానిపై ఐదు నిమిషాల సమీక్ష చదివినాను. కథలో పొందిక లేదన్నాను, ప్రతినాయకునిలో పస లేదన్నాను, చివరి యుద్ధం గందరగోళమన్నాను. అన్నవన్నీ నిజాలే. ఇంటికి వెళ్ళేసరికి మావాడు రేడియో పక్కనే కూర్చొని ఉన్నాడు. “నాన్నా, హాల్లో మీరు అంతలా నవ్వారు కదా! ఆ సంగతి చెప్పలేదేం?” అన్నాడు. నా వద్ద సమాధానం లేకపోయినది.

ఈ వెనమ్ ఎవరో తెలియని శ్రోతల కోసం పూర్వకథ కొంత చెప్పవలసి ఉన్నది. స్పైడర్‌మాన్ బొమ్మల కథలలో 1984లో ఆ వీరునికి ఒక నల్లని దుస్తు లభించినది. అది వస్త్రం కాదు, అన్యగ్రహం నుండి వచ్చిన ప్రాణి అని తరువాత తెలిసినది. వీరుడు దానిని విడిచివేసినాడు. వీరుని వల్లనే తన పరువు పోయినదని పగబట్టిన ఎడ్డీ బ్రాక్ అనే పత్రికా విలేఖరిని అది ఆశ్రయించినది. త్యజింపబడిన ప్రాణి ఒకటి, అవమానం పొందిన మనిషి ఒకడు. రెండు పగలు కలిసి ఒక దేహమైనవి. ఆ దేహమే వెనమ్. రచయిత డేవిడ్ మిచెలినీ, చిత్రకారుడు టాడ్ మెక్‌ఫార్లేన్ 1988లో, “అమేజింగ్ స్పైడర్‌మాన్” 300వ సంచికలో, ఈ పాత్రను పూర్తి రూపంతో నిలిపినారు.

2018 నాటి చిత్రంలో స్పైడర్‌మాన్ లేడు. పగకు కారణమైనవాడు లేనప్పుడు పగ ఎక్కడిది? రాముణ్ణి తొలగించి రావణుని కథ చెప్పబూనినట్లున్నది. బొమ్మలలో వెనమ్ రొమ్ముపై కనిపించే తెల్లని సాలీడు గుర్తును కూడా చిత్రంలో తీసివేసినారు. అది ఎక్కడినుండి వచ్చినదో చెప్పవలసిన వీరుడే లేడు గదా!

పెద్ద కథ నుండి చిన్న కథను విడదీయడం దోషం కాదు. ఆ విద్య మనకు కొత్తదీ కాదు. మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనువు వృత్తాంతాన్ని తీసికొని పెద్దన మనుచరిత్ర రచించినాడు. భారతంలోని ఉపరిచర వసువు కథ భట్టుమూర్తి చేతిలో వసుచరిత్ర అయినది. కొమ్మను విరిచి నాటితే అది మరొక చెట్టు కావచ్చును. అయితే దానికి సొంత వేరు పట్టవలెను. “వెనమ్” చిత్రానికి వేరు పట్టినదా, లేదా అన్నదే అసలు ప్రశ్న.

కథ శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరుగుతుంది. ఇక్కడ ఎడ్డీ టెలివిజన్ విలేఖరి. న్యాయవాదియైన తన కాబోయే భార్య యాన్ కంప్యూటరులోని రహస్యపత్రాన్ని దొంగచాటుగా చదివి, కార్ల్‌టన్ డ్రేక్ అనే ధనికుణ్ణి ముఖాముఖి నిలదీస్తాడు. ఫలితంగా అతని ఉద్యోగం పోతుంది, ఆమె ఉద్యోగమూ పోతుంది, పెళ్ళి కూడా ఆగిపోతుంది. ఆ డ్రేక్ అంతరిక్షం నుండి తెప్పించిన ప్రాణులను, నిలువనీడ లేని పేదల దేహాలలోనికి ఎక్కించి ప్రయోగాలు చేస్తుంటాడు. రహస్యం బయటపెట్టాలని ప్రయోగశాలలో చొరబడిన ఎడ్డీని అందులో ఒక ప్రాణి పట్టుకొంటుంది.

ఇంతవరకు వచ్చేసరికి చిత్రంలో మూడవ వంతు గడిచిపోతుంది. ఈ భాగమంతా ఎన్నడో చూచిన చిత్రంవలె ఉంటుంది. రిజ్ అహ్మద్ మంచి నటుడు. అయినా డ్రేక్ పాత్రలో ఆయనకు ఉపన్యాసాలే తప్ప మనస్సు ఇవ్వలేదు. మిషెల్ విలియమ్స్ వంటి నటికి కథ వెంట పరుగెత్తడమే పని అయినది. చివర రాకెట్టు ఎదుట, చీకటిలో, రెండు జిగురుముద్దలు పెనుగులాడుతుంటే దెబ్బ ఎవరిదో, దేహం ఎవరిదో తెలియదు. దర్శకుడు రూబెన్ ఫ్లైషర్ భయం పుట్టించదలచినాడో, నవ్వించదలచినాడో చాలాసేపు తేలదు. నాటి సమీక్షలో నేను చెప్పినది ఇంతవరకే.

చెప్పనిది ఇప్పుడు చెప్పుతాను. ప్రాణి ఎడ్డీ దేహంలో ప్రవేశించిన క్షణం నుండి చిత్రానికి ప్రాణం వచ్చినది. ఎడ్డీగా నటించిన టామ్ హార్డీయే ఆ ప్రాణికి గొంతు కూడా ఇచ్చినాడు. ప్రాణి మాటలను ముందుగా ధ్వనిముద్రణ చేసి, నటించే సమయంలో చెవిలో అమర్చిన చిన్న పరికరం ద్వారా వింటూ, వాటికి బదులు చెప్పేవాడట. అంటే ఆ నటుడు తన గొంతుతో తానే జగడమాడినాడు. రూపం లేని గొంతుతో నిత్యం పనిచేసే మా రేడియోవారికి ఇందులోని కష్టం తెలుస్తుంది. చాలా దృశ్యాలలో వెనమ్ కంటికి కనబడదు. ఒక గంభీరమైన బొంగురు గొంతు మాత్రమే వినబడుతుంది. అది ఆకలి అంటుంది, బెదిరిస్తుంది, వెక్కిరిస్తుంది, ఎడ్డీ పాత ప్రేమను గురించి సలహాలు కూడా ఇస్తుంది. కళ్ళు మూసుకొని విన్నా ఆ భాగం రక్తి కడుతుంది.

ఒక ఖరీదైన భోజనశాలలో యాన్ తన కొత్త స్నేహితునితో కూర్చొని ఉండగా, ఎడ్డీ జ్వరపీడితునివలె ఊగుతూ వచ్చి, ఇతరుల పళ్ళెంలోని తిండి లాగి తిని, చివరకు లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యలున్న నీళ్ళతొట్టిలో చతికిలబడి, ప్రాణంతో ఉన్నదానినే కొరుకుతాడు. తొట్టిలో దిగడం హార్డీకి తోచిన ఆలోచనయేనట. మరొకచోట ఎత్తైన మేడపై నుండి దూకుమని ప్రాణి ఆజ్ఞాపిస్తుంది. మరుక్షణం ఎడ్డీ బుద్ధిగా లిఫ్టులో దిగుతూ కనిపిస్తాడు. లోపలి గొంతు అతణ్ణి పిరికివాడని ఈసడిస్తుంది. ఈ రెండుచోట్లా నేను పగలబడి నవ్వినాను.

ఒక దేహంలో మరొక జీవుని చూపడం ఎంత కష్టమో మాయాబజారు చూచిన తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1957 నాటి ఆ చిత్రంలో మాయా శశిరేఖగా సావిత్రి నిలిచినప్పుడు, సుకుమారమైన దేహంలో ఘటోత్కచుడు ఉన్నాడని ఆమె నడక, చూపు, విదిలింపు చెప్పినవి. హార్డీది ఆ కోవకు చెందిన ప్రయత్నమే. అయితే సావిత్రి వెనుక కె. వి. రెడ్డిగారి పకడ్బందీ కథనం ఉన్నది. హార్డీ వెనుక అటువంటి గోడ లేదు. పడిపోతున్న పందిరికి ఒక్క గుంజవలె నిలిచినాడు.

దాదాపు 10 కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన ఈ చిత్రాన్ని విమర్శకులు అధికసంఖ్యలో నిరసించినారు. ప్రజలు మాత్రం ప్రపంచమంతటా 85 కోట్ల డాలర్లకు మించి ఇచ్చినారు. డబ్బు గుణానికి కొలత కాదు. కాని ఆ ప్రేక్షకులు దేనికి నవ్వినారో నిర్మాతలు గ్రహించినారు. 2021లో ఆండీ సెర్కిస్ దర్శకత్వంలో వచ్చిన రెండవ చిత్రంలో మనిషికీ ప్రాణికీ నడుమ సాగే సంసారకలహమే ప్రధానమైనది. 2024లో కెల్లీ మార్సెల్ తీసిన మూడవ చిత్రం ఆ స్నేహానికే వీడ్కోలు చెప్పినది. స్పైడర్‌మాన్ పై పగ ఉండవలసిన చోట ఇద్దరు పరాజితుల చెలిమి మొలిచినది. విరిగిన కొమ్మకు పట్టిన సొంత వేరు అదే. నా సమీక్షలో నవ్వును దాచినప్పుడు నేను ఆ వేరునే దాచినాను. తప్పులన్నీ లెక్కించి, చిత్రం ఎక్కడ బ్రతికి ఉన్నదో మాత్రం చెప్పలేదు.

అయినా ఆ నవ్వు పూర్తి సాక్ష్యం కాదు. ప్రయోగశాలలో బందీలైన పేదలలో మరియా అనే స్త్రీ ఉన్నది. ఎడ్డీ ఉండే వీధిలోనే ఆమె బ్రతుకు; రోజూ పలకరించుకొనే మనిషి. ఆమె దేహం నుండే ప్రాణి ఎడ్డీలోనికి వచ్చినది, ఆమె నేలకూలి మరణించినది. ఆ తరువాత చిత్రం ఆమెను మరచినది. కొద్దిసేపటికి నీళ్ళతొట్టి వచ్చినది, నేనూ మరచినాను. ఇంటికి వచ్చిన చాలా రోజులకు గాని ఆమె నాకు జ్ఞాపకం రాలేదు. అంత త్వరగా మరపించగల వినోదం బలమైనదే. కాని ఆ బలాన్ని చూస్తే కొంత జంకు కలుగుతున్నది.

అందుచేత నా తీర్పు ఇది. “వెనమ్” సరిగా కట్టని చిత్రం, హాయిగా నవ్వించే చిత్రం. ఈ రెండు మాటలూ ఒకదానినొకటి కొట్టివేయవు. చూడదలచినవారు చూచి మనసారా నవ్వండి. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మరియాను ఒక్కమారు తలచుకొనండి. మా అబ్బాయికి ఆనాడు ఇవ్వలేకపోయిన సమాధానం ఇప్పటికి ఇచ్చినాననుకొంటాను. సెలవు.