కాలినడక, కంప్యూటరు, మా ఆదివారములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ సభలో కవిత్వమును గురించియో, పురాణమును గురించియో పెద్దలు మాట్లాడుట పరిపాటి. ఈసారి కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, "మీరు ఆదివారము తెల్లవారకముందే సైకిళ్ళెక్కి ఎక్కడికి పోతారు? సెల్‌ఫోను పట్టుకొని పొలముగట్లమీద ఏమి వెదకుతారు? ఊరంతా అడుగుతున్నది, అదే చెప్పండి" అన్నారు. మేము మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనేవారము. బిలోలికి రైలే లేదు గదా అంటారేమో, ఇల్లు ఇక్కడ, కొలువు ధర్మాబాదులో. ఉపన్యాసము అలవాటు లేదు. తప్పులుంటే మన్నించవలెను.

మేమనగా ముగ్గురము. మాతోబాటు ఒక బడిపంతులుగారు, నీటి మోటార్లు బాగుచేసే మేస్త్రీగారు ఉన్నారు. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, సీసాలలో మజ్జిగ కట్టుకొని బయలుదేరుతాము. ఎక్కువగా మంజీర వైపే పోతాము. సాలూర వంతెన దగ్గర తెల్లవారుజామున నిలుచుంటే నీటికాకులు రాళ్ళమీద రెక్కలు ఆరబెట్టుకొంటూ కనబడతవి. నారాయణపక్షి ఒంటికాలిమీద నిలిచి ఉంటుంది. పాలపిట్టను చూస్తే మేస్త్రీగారు సైకిలు దిగి దండము పెట్టవలసిందే. వానకాలములో మాత్రము మా నల్లరేగడి దెబ్బ చెప్పనలవి కాదు. బురద చక్రమునకు చుట్టుకొని, సైకిలు మనలను మోయుటకు బదులు మనమే సైకిలును మోయవలసి వస్తుంది.

ఇది సగము వేడుక. మిగిలిన సగము ఇంటికి వచ్చిన తరువాత కంప్యూటరు ముందు. అదియు పాతది, చేతులు మారి వచ్చినది. దానిలో ముందున్న విధానముతో అది మూలుగుతూ ఉండేది. పంతులుగారు దానిని తీసివేసి లినక్సు ఎక్కించినారు. దమ్మిడీ ఖర్చు లేదు. ఇందులోని గొప్ప ఉచితమగుట ఒక్కటే కాదు. ఆ యంత్రమునకు చెప్పిన ఆదేశములన్నియు బాహాటముగా వ్రాసిపెట్టి ఉంటవి. ఎవరైనా చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని నలుగురికి పంచవచ్చును. 1991లో హెల్సింకిలో చదువుకొంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు దీనిని ఆరంభించినాడు. ఆయనకు సముద్రములో మునుగుట సరదా. మునిగిన లోతులు, గడచిన నిమిషములు లెక్క వ్రాసుకొనుటకని 2011లో సబ్‌సర్ఫేసు అనే మరొక సాధనమును కూడ చేసి ఊరకే లోకమునకిచ్చినాడు. మనకు సముద్రము లేదు, మంజీర ఉన్నది. వేసవిలో అదియు మోకాలు దాటదు.

మేము పాల్గొనే పని పటము. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని ఒకటి మొదలుపెట్టినారు. ప్రపంచమంతటికి ఒకటే పటము. దానిలో ఎవరి ఊరిని వారే గీయవచ్చును. మేము నడుచుచుంటే ఫోను ఆకాశములోని ఉపగ్రహములను చూచి మా దారిని చుక్కలుగా వ్రాసుకొంటుంది. ఇంటికి వచ్చి ఆ చుక్కలమీద గీత గీస్తాము. బావి, గుడి, మసీదు, బడి, గేటు, మర్రిచెట్టు, ఏది కంటబడితే అది గుర్తిస్తాము. పొలములలో ఫోనుకు సిగ్నలు అందదు. ముందే పటమును దించుకొన్నవారికి అక్కడ కూడ దారి కనబడుతుంది.

"పటములు గీయుట సర్కారు పని గదా, మీకెందుకు?" అని ఒక పెద్దమనిషి మందలించినారు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వమే ఆ నిబంధనలను సడలించినది. అయినను మాకు రెండు కట్టుబాట్లున్నవి. కంపెనీల పటములు చూచి నకలు చేయము. ఆఫీసు కాగితము చూచి ఒక్క గీతయు గీయము. స్టేషనులో ప్లాట్‌ఫారము ఎక్కడున్నదో ప్రయాణికుడికి కూడ కనబడుతుంది, అంతవరకే.

పేర్ల దగ్గర మాకు ఎక్కువ కాలము పట్టినది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమును విడదీసినప్పుడు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినవి. నాందేడు జిల్లాలో మిగిలిన భాగము బొంబాయి రాష్ట్రములోనికి, 1960 మే 1న మహారాష్ట్రలోనికి వచ్చినది. మనలో కొందరము ఉద్యోగములకై వచ్చినవారము, కొందరు తాతలనాటినుండి ఇక్కడివారే. బీడు జిల్లా బాలాఘాటు కొండలలో పుట్టి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే ఈ నది మన ఇళ్ళలో మంజీర, పక్కింటిలో మాంజరా. పటములో ఒక్కొక్క భాషకు వేరు గడి ఉన్నది. బోర్డుమీది మరాఠీ పేరు దాని చోటనే ఉంచి, తెలుగు, ఉర్దూ పేర్లు వాటి గళ్ళలో చేరుస్తాము. ఒకదానిని చెరిపి మరియొకటి వ్రాయుట మా పని కాదు. గల్లీలకు మన ముసలమ్మలు చెప్పే పేర్లు ఏ బోర్డుమీదను లేవు. వారున్నప్పుడే అడిగి వ్రాసుకోవలెనని తిరుగుతున్నాము. ఈ సభలోనే అటువంటి తల్లులు నలుగురైదుగురు కూర్చున్నారు, సభ ముగిసిన తరువాత లేచి పోవద్దని మనవి.

ఇక మా తప్పు ఒకటి చెప్పవలె. చెప్పకుండ పోవుటకు మనసొప్పలేదు.

రెండేండ్ల క్రిందట ఫాల్గుణములో ఒక పల్లెనుండి మరొక పల్లెకు బండిబాటను గీసినాము. నడుమ ఒక వాగున్నది. మేము పోయిననాడు అందులో చుక్క నీరు లేదు, ఇసుకలో సైకిళ్ళు నడిపించుకొని దాటినాము. ఇంటికి వచ్చి దానిని మామూలు రోడ్డుగా గుర్తించినాము. అడ్డదారి దొరికినదని సంతోషించినాము కూడ. ఆ శ్రావణములో ఒక రాత్రి ఆ పల్లెలో ఒక పెద్దయ్యకు ఊపిరాడక, కొడుకు జీపులో ఆస్పత్రికి బయలుదేరినాడు. జీపు బయటి ఊరిది, డ్రైవరుకు దారి తెలియదు. ఫోను దగ్గరిదారి చూపినది. వాగు దగ్గరికి పోయేసరికి నీళ్ళు ఒడ్డు ఒరసి పారుతున్నవి. వెనుకకు తిప్పుదామంటే రేగడిలో చక్రములు దిగబడినవి. ట్రాక్టరు వచ్చి లాగేసరికి గంటన్నర అయినది. పెద్దయ్య బ్రతికినాడు. మన అదృష్టము, అంతకన్న మరేమీ లేదు.

ఈ మాట పంతులుగారి విద్యార్థి బడిలో చెప్పగా మాకు తెలిసినది. పటము తెరచి చూచినాము. ఆ గీత ఎవరు ఎన్నడు గీసినారో దాని చరిత్రలో ఉంటుంది. మా పేరే ఉన్నది. ఆ రాత్రి అన్నము సహించలేదు. గీతను దిద్ది ఊరకుందామని పంతులుగారు, పోయి ఒప్పుకొందామని మేస్త్రీగారు. రెండు దినములు వాదించుకొన్నాము. మేము మొదట పంతులుగారి పక్షమే అని దాచనక్కరలేదు. అయినను ఆదివారము ముగ్గురమూ పోయినాము.

పెద్దయ్య మంచముమీద కూర్చుండి విన్నాడు. "ఆ గీత గీసింది మీరేనా బిడ్డా? మల్ల సక్కగ జేసిండ్రా?" అన్నాడు. చేసినామని ఫోనులో చూపినాము. బండిబాట అనియు, వాగు దాటు చోటనియు, వానకాలము నీరుండుననియు వేరువేరు గుర్తులున్నవి, అవన్నియు పెట్టినాము. ఆయన కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూచి, "గిట్లాంటివి ఇంక రెండున్నయి, అవి ఎవరు జూస్తరు?" అన్నాడు. కొడుకు మాత్రము మాతో మాట్లాడలేదు. ఇప్పటికిని మాట్లాడడు. అతనిని తప్పుపట్టలేము.

ఆనాటినుండి ఎండకాలములో గీసిన ప్రతి బాటను వానలలో మరల పోయి చూడనిదే రోడ్డని గుర్తించము. అందుచేత పని సగమునకు సగము తగ్గినది. ఇంట్లో ఆడవారు మాత్రము ఆదివారములు రెట్టింపైనవని అంటున్నారు, అదియు నిజమే.

పెద్దయ్య చెప్పిన రెండు వాగులలో ఒకటి చూచినాము. రెండవది మృగశిర కార్తెలోపల ఒకసారి, వానలు పడినాక ఒకసారి చూడవలసి ఉన్నది. వచ్చే ఆదివారము ఉదయము 6 గంటలకు బస్‌స్టాండు దగ్గర ఉంటాము. ఫోను లేకున్నను ఫరవా లేదు, ఆ వైపు ఊళ్ళ పేర్లు తెలిసినవారు ఒకరిద్దరు వస్తే చాలును. సైకిలు లేనివారిని వెనుక కూర్చుండబెట్టుకొంటాము. మజ్జిగ మాత్రము ఎవరిది వారే తెచ్చుకోవలె.

సెలవు.